నీలిపచ్చ నీళ్లు

భార్య యమ్నా చివరి మధ్యాహ్నాన్ని బుఅజ్జా నుంచి లాక్కున్నది తోళ్ల కార్ఖానా యజమాని లమ్రీనీ. ఇందులో వాదనకు తావు లేదు.

ఫెస్ నగరపు మురుగు శుద్ధి చేసేచోట బుఅజ్జా ఇరవైయేడేళ్లుగా, మురుగులోకి గాలి ఊదే తొట్టి చూస్తున్నాడు. వేళ్లు నానిపోయి తెల్లగా పాలిపోయిన మనిషి. ఆ శుక్రవారమూ గాజుగొట్టంలో తొట్టినీళ్లు ముంచి, అరగంట ఆగి, వెలుతురుకు ఎత్తాడు. మురుగును తినే సూక్ష్మజీవులు బాగుంటే గోధుమరంగు మడ్డి అడుక్కు దిగి, పైన నీరు తేటపడుతుంది. ఇవాళ మడ్డి దిగలేదు. నీరు నీలిపచ్చగా ఉంది. జుమా నమాజు రోజు తనిఖీకి ఎవరూ రారని లమ్రీనీ, తోళ్లు పదును చేసిన క్రోమియం నీళ్లు కాలవలోకి వదిలేశాడు.

"ఏం బాబాయ్, నీ పిల్లలకి తిన్నది అరగలేదా?" పంపుల దగ్గర నుంచి నవ్వాడు నౌఫల్.

"విషం పెడితే అరుగుతుందిట్రా? ముందా తూము మూసెయ్!"

అప్పుడే మరదలు జహూర్ ఫోను చేసింది. "బావా, అక్క నిన్నే అడుగుతోంది. సాయంత్రం దాకా కష్టమన్నాడు డాక్టరు. వచ్చెయ్."

"గంటలో వస్తా."

మూడు గంటలైంది. నీటిని ఖాళీ చెరువులోకి మళ్లించాడు. గాలి పెంచాడు. పక్కతొట్టి నుంచి జీవాలున్న మంచి మడ్డి తోడి పోయించాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎప్పుడూ ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండే గంట ఆకారపు జీవాల్లో ఒక్కటీ కదల్లేదు.

ఇంజినీరు ఇబ్తిసామ్ వచ్చి తొట్టిలోకి చూసింది. "ఎందుకండీ ఇంత హైరానా? మెక్నెస్ నుంచి రెండు ట్యాంకర్ల మడ్డి తెప్పిద్దాం. మూడువారాల్లో మళ్లీ బతుకుతుంది."

ఆ సంగతి అతనికి తెలుసు. లోగడ రెండుసార్లు తనే తెప్పించాడు. పన్నెండింటికి, జహూర్ ఫోను వచ్చినప్పుడు మాత్రం గుర్తు రాలేదు. రానివ్వలేదు.

ఇంటికి చేరేసరికి యమ్నా ముఖం మీద తెల్లగుడ్డ కప్పేశారు.

"రెండింటికి పోయింది," అంది జహూర్. "తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూసింది. ఏం వెలగబెట్టావు బావా అక్కడ?"

"లమ్రీనీని అడుగు. ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు."

ఎవరూ ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

మంచం పక్కన పీట మీద, యమ్నా అతని కోసం తీయించి ఉంచిన శుక్రవారపు గోధుమరవ్వ కుస్కుస్ పళ్లెం ఉంది, అందులో గుచ్చి నిలబెట్టిన చెక్క చెంచాతో.