ఇల్లు అమ్ముడుపోయేదాకా

మస్కట్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసి, తొంభై ఎనిమిదిలో విజయవాడ తిరిగొచ్చేసరికి కృపకి నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు లేరు. ఉన్న ఒక్క అన్న లాజరు గుడివాడలో తన సంసారంలో తాను మునిగి ఉన్నాడు. దాచుకున్నదంతా పెట్టి ఆమె వన్ టౌన్‌లో కొండ వైపు సందులో ఒక పాత డాబా ఇల్లు కొన్నది. ఉండటానికి కాదు, బాగుచేయించి అమ్మడానికి. మస్కట్‌లో తోటి నర్సు ఒకామె వాళ్ళ ఊళ్ళో అలాగే ఇళ్ళు కొని అమ్ముతోందని విన్నప్పటి నుంచి ఆ ఆలోచన ఆమెని వదల్లేదు.

"బ్యాంకులో వేసుకోక ఈ గోలెందుకే నీకు?" అని లాజరు ఫోన్లో విసుక్కున్నాడు. ఆ తర్వాత ఆ సంగతే ఎత్తలేదు.

ఈ ఊళ్ళో తనకి అడగడానికి ఎవరూ లేరని కొన్నాక తెలిసింది. మేస్త్రీ "అలాగేనండీ" అని తలూపి తనకి తోచిందే చేసేవాడు. ఆమె ప్రశ్న అడిగితే బ్రోకరు పక్కన నిలబడ్డ ఆటోవాడి వైపు చూసి జవాబు చెప్పేవాడు. కొత్తగా వేయించిన రంగు మొదటి వానకే పొక్కులు లేచింది. ఆ రోజు కృప ఖాళీ గదిలో సిమెంటు బస్తా మీద కూర్చుని, తను మనసు విప్పి మాట్లాడి ఎన్నాళ్ళయిందా అని ఆలోచించింది. పనివాళ్ళతోనూ కొట్లవాళ్ళతోనూ మాట్లాడినవి తీసేస్తే ఏమీ మిగల్లేదు.

రంగుల కొట్టతనే చివరికి ఒక దారి చెప్పాడు. "ఈ పని తెలియాలంటే ఖాసింబీ గారిని అడగండమ్మా. వాళ్ళాయన పోయిన కాడ్నించి ఆవిడ చేసేది ఇదే. ఇప్పుడు పటమటలో ఉంటున్నారు."

ఖాసింబీ అరవై దాటిన మనిషి. సగం గోడలకే ప్లాస్టరింగ్ అయిన ఇంట్లో ఒక మంచం, ఒక స్టవ్వు, రెండు ట్రంకు పెట్టెలతో ఉంటోంది. ఏ ఇల్లు కొంటే ఆ ఇంట్లోకి మారిపోవడం, అది అమ్ముడుపోగానే ఇంకోదాంట్లోకి వెళ్ళడం ఆమెకి అలవాటు. కృప చెప్పిందంతా విని, "నేర్పడానికి ఇదేమన్నా కుట్టుపనా తల్లీ? వెళ్ళిరా, నాకు పనుంది" అన్నది.

మర్నాడు పొద్దున్నే ఒక రిక్షా వచ్చి సందు మొదట్లో ఆగింది. ఖాసింబీ దిగి, పలకరింపైనా లేకుండా లోపలికొచ్చి, గోడలకి అరచెయ్యి ఆనిస్తూ ఇల్లంతా తిరిగింది.

"రంగెవరు వెయ్యమన్నారు?"

"నేనేనండీ."

"పైన డాబా కారతా ఉంటే కింద రంగేసి ఏం లాభం? గోడ నిండా చెమ్మే. ముందు పైకెక్కి చూడాలమ్మాయ్."

అలా మొదలైంది. ఆమె దాదాపు రోజూ వచ్చేది. టేకు తలుపుల జోలికి పోవద్దనీ, పాత రంగు గీకిస్తే చాలనీ చెప్పింది. వంటింటి కిటికీ పెద్దది చేయించింది. మేస్త్రీ తప్పు చేస్తే కూలీల ముందు అనకూడదనీ, పక్కకి పిలిచి చెప్పాలనీ చెప్పింది. కృప అలాగే చేసి చూసింది. అతను మాట వినడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఇద్దరూ గడప దగ్గర కూర్చుని అన్నం తినేవాళ్ళు. ఖాసింబీ క్యారేజీలో ఖీమా తెచ్చేది, కృప పప్పు వండేది. "ఇన్నిళ్ళు మారాను కదా," అని ఒకరోజు ఖాసింబీ నవ్వింది, "నిద్రలో లేచి, తలుపు ఎటుందో తెలీక గోడకి గుద్దుకుంటా ఉంటా." కృప కూడా నవ్వింది. ఆ మాట మాత్రం చాలాసేపు ఆమె మనసులోంచి పోలేదు.

ఇల్లు తయారైంది. చూడ్డానికి జనం వచ్చారు. మొదట వచ్చినవాళ్ళతో ఖాసింబీ, ఈ సందులో వానాకాలం నీళ్ళు నిలుస్తాయని తనే చెప్పేసింది. ఇంకొకళ్ళు వెళ్ళాక, "తొందరపడకు, మంచి బేరం వస్తుంది" అన్నది. కాగితాల వ్యాపారి ఒకాయన భార్య వెంకటరత్నమ్మతో వచ్చాడు. ఆమె వంటింటి కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఇదంతా వ్యాపారంలో మెలకువేమో అనుకుని కృప ఊరుకుంది.

కొన్నాళ్ళకి కూరగాయల బజారులో వెంకటరత్నమ్మ ఎదురైంది. "ఆ ఇల్లు మీ చుట్టాలకే ఇచ్చేస్తున్నారటగా? మీ పెద్దావిడ చెప్పారు మా ఆయనకి. నాకు భలే నచ్చిందండీ" అన్నది.

కృప సంచీతో సహా పటమట బస్సెక్కింది.

"ఎందుకలా చెప్పారండీ?" అని గుమ్మంలోనే అడిగింది.

ఖాసింబీ బుకాయించలేదు. స్టవ్వు ఆపి మంచం మీద కూర్చుంది. "ఇంతకు ముందొకతను వచ్చేవాడు, నీలాగే. రోజూ వచ్చేవాడు. ఇల్లు అమ్ముడుపోయాక స్వీట్లు ఇచ్చి వెళ్ళాడు. ఇప్పుడు రోడ్డు మీద కనపడితే నమస్కారం పెడతాడు."

"నేనట్టా చేస్తానా?"

"కావాలని చెయ్యవులే. పనైపోయాక మాత్రం ఏం వంక పెట్టుకుని వస్తావు?"

కృపకి కోపం వచ్చిన మాట నిజమే. అయితే మొదటి బేరం తప్పిపోయిన రోజు తను హాయిగా ఊపిరి పీల్చుకుని ఇద్దరికీ టీ పెట్టడం కూడా ఆమెకి గుర్తుంది. ఆ సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "అది నా ఇల్లండీ" అన్నది.

"నీదే" అన్నది ఖాసింబీ.

కృప ఇల్లు వెంకటరత్నమ్మ వాళ్ళకే అమ్మింది. తాళాలిచ్చిన రోజు వాళ్ళ బంధువులతో ఇల్లు కళకళలాడుతుంటే కృప బయటికొచ్చి, ఎటు వెళ్ళాలో తోచక సందు చివర కాసేపు నిలబడింది. కోపం తగ్గేదాకా పటమట వెళ్ళలేదు. తగ్గాక సిగ్గేసి వెళ్ళలేదు. తర్వాత రెండో ఇల్లు కొన్నది. ఈసారి ముందు డాబా ఎక్కి చూసింది. మేస్త్రీ అన్నీ ఆమెనే అడిగేవాడు. మధ్యాహ్నం ఒక్కతే తినేది.

చివరికి ఒకరోజు వెళ్ళేసరికి పటమట ఇంట్లో వేరేవాళ్ళున్నారు. ఖాసింబీ కొండపల్లి వైపు ఇల్లు తీసుకుందని రంగుల కొట్టతను చెప్పాడు. ఒక ఆదివారం చర్చి అయ్యాక కృప కొండపల్లి బస్సెక్కి, అక్కడా ఇక్కడా అడుగుతూ ఇల్లు పట్టుకుంది.

ఖాసింబీ ఇసుక జల్లిస్తున్న కూలీ దగ్గర నిలబడి ఉంది. చూసి, కొంగుకి చేతులు తుడుచుకుంది.

"రండి కృప గారూ, కూర్చోండి. బస్సు దొరికిందా?"

అమ్మాయ్ అనలేదు. టీ ఇచ్చింది, అన్న ఆరోగ్యం అడిగింది. ఎండ గురించి ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. రెండో ఇంట్లో మెట్ల కింద చెమ్మ ఎందుకొస్తోందో కృపకి నిజంగానే అంతుపట్టడం లేదు. అడిగింది.

"మీకు తెలియందేముందండీ" అని ఖాసింబీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

కృప ఇంకాసేపు కూర్చుంది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించాయి. అవి ఆగాక కూడా ఖాసింబీ బయటికి రాలేదు. "వెళ్ళొస్తానండీ" అని గుమ్మంలోకి చెప్పి కృప బస్టాపు వైపు నడిచింది.