మీటరు జడకి నల్ల టేపు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా చెల్లెలు. కుట్టుమిషను ముందు కూర్చుని, నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకునే చెప్పింది. కోపమొస్తే అది సూదులు తియ్యదు, పళ్ల మధ్యనుంచే మాట్లాడుతుంది. తర్వాత నా మేనకోడల్ని అడిగాను, వైర్ల మాస్టార్ని అడిగాను. ముగ్గురిదీ ఒకటే మాట. కాలేజీవాళ్లు మాత్రం ఇంకోలా రాసి పెట్టుకున్నారు. నేను స్పీకర్లకి పెట్టెలు చేసే వడ్రంగిని, నా చదువు నాలుగో తరగతి. అయినా చెక్కలో నూలుపోగంత వంకరున్నా నా చెయ్యి ఊరుకోదు. వాళ్ల రాతలో ఉన్న వంకర అంతకన్నా పెద్దది.

సంగీతం కాలేజీలో కింది అంతస్తు గది అది. గోడలకి గుడ్డ అంటించి ఉంటుంది, కిటికీలుండవు. ఆఖరి సంవత్సరం పిల్లలు పొద్దున తొమ్మిదింటికల్లా అక్కడ చేరాలి. స్టూడియోల్లో ఇంటర్నులుగా మూడు నెలలు పనిచేసి, అక్కణ్ణుంచి సంతకం పెట్టిన ఉత్తరం తేవాలి. ఉత్తరం లేకపోతే డిగ్రీ లేదు. ఆ మూడు నెలలకి పిల్లల్ని తయారుచేసే క్లాసు ఈ గదిలోనే జరిగేది.

మొదటి గంట వైర్ల మాస్టారిది. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు ఆ కాలేజీలో మైకులు, వైర్లు చూసుకున్నాడు. పిల్లలు ఆయన్ని చూస్తే వణికేవాళ్లు. వైరుని ఒక మెలిక పైనుంచి, ఒక మెలిక లోపలినుంచి వేసి చుట్టాలి. అలా చుట్టిన వైరుని ఒక కొస పట్టుకుని విసిరితే నేలమీద తాడులా తిన్నగా పడాలి. ఎక్కడైనా ముడి పడిందా, మళ్లీ మొదలు.

"మోచేతికి చుడతావేంట్రా? నూలుండ అనుకున్నావా?" అనేవాడు. "లోపల రాగి విరుగుతుంది. నీ చెయ్యి మెలిపెట్టి చుడితే ఎలా ఉంటుందో చూపించమంటావా?"

రెండో గంట టై సారుది. పిల్లల్ని స్టూడియోలకి పంపే ఆఫీసు ఆయన చేతిలో ఉంది. టై లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయన పాఠం వేరు.

"ఇంటర్న్ అంటే నీడ," అనేవాడు. "నీడకి నోరుండదు. రికార్డింగు మొదలై ఎర్రలైటు వెలిగిందంటే తుమ్ము కూడా మింగెయ్యాలి. ఆరాక ఎవరు ఎలా పాడినా ఏమనాలి?"

"అద్భుతమండీ," అని క్లాసంతా అనాలి.

అలా అనిపించడానికి తనే, పాడేవాళ్లు నిలబడే అద్దం గదిలోకి వెళ్లి, మైకు ముందు నిలబడి, గొంతు చించుకుని పాడేవాడు. ఘోరంగా పాడేవాడు. పిల్లలు నవ్వకుండా, మొహం కదలకుండా "అద్భుతమండీ" అనాలి. దానికి మార్కులు కూడా వేసేవాడు!

ఆ మార్కులు రానిది ఒక్క నా మేనకోడలికే. అది గట్టిపిల్ల, మొహం రాయిలా పెట్టగలదు. కానీ జడ ఉందే, అది దాని మాట వినదు. పక్కన ఎవరు శ్రుతి తప్పినా దాని జడ విడిపోతుంది. కొంచెం తప్పితే రిబ్బను జారుతుంది. ఇంకాస్త తప్పితే ఒక పాయ ఊడుతుంది. పూర్తిగా తప్పితే జుట్టంతా విరబోసుకుంటుంది. మళ్లీ శ్రుతి కుదిరితే పాయలు వాటంతట అవే అల్లుకుంటాయి. ఆ జుట్టు పుట్టడమే అలా పుట్టింది, అంతే. కాలేజీలో దాన్ని మీటరు అని పిలిచేవాళ్లు. పాట ప్రాక్టీసు చేసుకునేవాళ్లు దాన్ని ముందు కూర్చోబెట్టుకుని పాడేవాళ్లు.

"మీటరూ, అటు తిరిగి కూర్చోవే, వీపు కనపడాలి," అనేవాళ్లు.

"రోజంతా మీకు వీపు చూపించే కూర్చుంటున్నానే, మొహం మర్చిపోతారు," అనేది అది.

టై సారు పాడినప్పుడు మాత్రం రిబ్బను ఊడి వెనక బెంచీ మీద పడేది. క్లాసు పగలబడి నవ్వేది.

"నీ జుట్టు నా ఉద్యోగం ఊడగొట్టేలా ఉంది," అని ఆయన పళ్లు నూరేవాడు.

ఊళ్లోకెల్లా పెద్ద స్టూడియో ఆ ఏడు ఒక్క ఇంటర్న్‌ని అడిగింది. వైర్లు ఎవరు బాగా చుడితే వాళ్లని పంపండి, మాటలు చెప్పేవాళ్లు వద్దని రాసింది. వైర్ల మాస్టారు పందెం పెట్టాడు. కళ్లకి గుడ్డ కట్టి పది వైర్లు చుట్టమన్నాడు. మిగతావాళ్లు ఆరోదో ఏడోదో చుడుతుండగా నా మేనకోడలు పదీ చుట్టి చేతులు దులుపుకుంది. మాస్టారు పదింటినీ విసిరి చూశాడు. అన్నీ తిన్నగా పడ్డాయి. ఆయన ఎవర్నీ మెచ్చుకున్న మనిషి కాదు. "ఊఁ, పనికొస్తావు," అన్నాడు. ఆ మాటకే అది ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది, అంత సంతోషం.

టై సారుకి గొంతులో వెలక్కాయ పడింది. ఆ స్టూడియోలో పాడేది పెద్దావిడ. నలభై ఏళ్లుగా పాడుతోంది, ఆవిడ గొంతు తెలియని ఇల్లు లేదు. ఆవిడ శ్రుతి జారుతోందని స్టూడియోలో అందరికీ తెలుసు. ఆవిడకి తప్ప. ఆవిడ పాడి వెళ్లాక సౌండు ఇంజనీరు కంప్యూటర్లో ఒక్కో మాటా పైకి లాగి అతికించేవాడు. ఆ గదిలోకి ఈ జడ వెళితే?

టై సారు మా చెల్లెల్ని కాలేజీకి పిలిపించాడు.

"అమ్మాయి జుట్టు కత్తిరించెయ్యండమ్మా. భవిష్యత్తు కదా."

"ముందు మీ టై కత్తిరించుకోండి, తర్వాత చూద్దాం," అంది మా చెల్లెలు. నా చెల్లెలే కదా!

అప్పుడు ఆయన నల్లటేపు తీశాడు. వైర్లు కాళ్లకి తగలకుండా నేలకి అంటించే గుడ్డటేపు అది. ఒకసారి అంటిందంటే, పీకితే నేల రంగు కూడా ఊడిపోవాల్సిందే. స్టూడియోకి వెళ్లే రోజు పొద్దున, మెడ దగ్గర మొదలుపెట్టి కొసదాకా మూడు వరసలు జడకి చుట్టాడు.

వైర్ల మాస్టారు అడ్డం పడ్డాడు. "అలా బిగిస్తే ఆగదయ్యా. వైరులో మెలికని ఇక్కడ నొక్కితే అవతల లేస్తుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను."

"ఇది వైరు కాదు మాస్టారూ, ఆడపిల్ల జుట్టు. మీ పని మీరు చూసుకోండి."

"అమ్మా, నీకు ఇష్టమేనా?" అని మాస్టారు పిల్లని అడిగాడు.

అది తలెత్తలేదు. "ఉత్తరం రావాలి కదండీ," అంది.

ముగ్గురూ కలిసే వెళ్లారు. పిల్లని అప్పజెప్పడానికి మాస్టారు, పెద్దావిడ పక్కన నిలబడి ఫొటో దిగడానికి టై సారు. మాస్టారూ పిల్లా కలిసి అక్కడి వైర్లన్నీ విప్పి, తుడిచి, చుట్టి, గోడకున్న పన్నెండు కొక్కేలకి తగిలించారు. స్టూడియో యజమాని వచ్చి చూసి, గోడ ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదన్నాడు. ఇది మాస్టారు చెప్పిన మాట కాదు, నా మేనకోడలు చెప్పింది. ఆయన సొంత గొప్ప చెప్పుకునే మనిషి కాదు.

పదకొండింటికి పెద్దావిడ వచ్చింది. అద్దం వెనక గదిలోకి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తలుపు మీద ఎర్రలైటు వెలిగింది.

మొదటి లైను బాగానే వచ్చింది. రెండోదీ ఫరవాలేదు. మూడో లైను పైకి వెళ్లాలి. సగం మెట్లెక్కి జారింది.

టేపు లోపల జడ గింజుకుంది. పిల్ల రెండు చేతులతో తల పట్టుకుంది. జడ కదల్లేదు. కానీ గోడమీద మొదటి కొక్కేనికున్న వైరు చుట్ట విడింది. మెలిక మెలికా విప్పుకుని నేలమీద తిన్నగా పడింది. తర్వాత రెండోది, మూడోది. పన్నెండూ అలాగే పడ్డాయి, ఒక్కదాంట్లోనూ ముడి లేదు. మూలనున్న గిటారు బిరడాలు వెనక్కి తిరిగి తీగలు వదులయ్యాయి. సౌండు ఇంజనీరు స్వెట్టరు మోచేతి దగ్గర మొదలై భుజందాకా ఊడింది. టై సారు టై ముడి విప్పుకుని ఒళ్లో పడింది. అందరి బూట్ల లేసులూ ఊడాయి. ఆఖరికి ఎర్రలైటు బల్బు కూడా హోల్డర్లో గిర్రున తిరిగి కింద పడింది.

పాట ఆగింది. పెద్దావిడ అద్దంలోంచి చూసింది. "ఏమైంది?"

ఇంజనీరు మైకులోకి వంగాడు. "ఏం లేదమ్మా, వైర్లు జారాయి. మీరు అద్భుతంగా పాడారు."

"అద్భుతమండీ," అన్నాడు టై సారు టై ఏరుకుంటూ.

ఆవిడ వాళ్లని చూడలేదు. "ఆ పిల్ల జడకి టేపెందుకు వేశారు?"

"ఫ్యాషనమ్మా. ఈకాలం పిల్లలు కదా," అన్నాడు టై సారు.

"నిన్నడిగానా? అమ్మాయ్, ఇలా రా."

పిల్ల తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. టై సారు అద్దానికి ముక్కు ఆనించి, వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అది తిరిగి చూస్తే వైర్ల మాస్టారు కనిపించాడు. ఆయన చెయ్యీ ఊపలేదు, తలా ఊపలేదు. పడిన వైర్లు ఒక్కొక్కటీ తీసి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

"ఎందుకేశారమ్మా టేపు?" అని పెద్దావిడ మళ్లీ అడిగింది.

"ఎవరైనా శ్రుతి తప్పితే నా జడ విడిపోతుందండీ. మీ దగ్గర విడిపోకూడదని వేశారు."

"ఇప్పుడు విడిపోయేదా?"

నా మేనకోడలికి కళ్లముందు ఉత్తరం కనిపించిందట. సంతకం లేని ఖాళీ కాగితం. "విడిపోయేదండీ. మూడో లైనుకి సగం పైనే విడిపోయేది."

పెద్దావిడ అద్దం వైపు తిరిగింది. "ఎన్నాళ్లుగా?"

ఇంజనీరు ఊడిన స్వెట్టరు దారం వేలికి చుట్టుకుంటున్నాడు. "ఎనిమిదేళ్లమ్మా."

"ఎనిమిదేళ్లు! ఇన్నాళ్లూ అద్భుతం అద్భుతం అని నన్ను వెర్రిదాన్ని చేశార్రా! ఒక్కడికి నోరు లేదా? సాధన చేసుకునేదాన్ని కదా. చేతకాకపోతే మర్యాదగా మానేసేదాన్ని కదా!"

హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. విసిరితే బాగుండేది, మెల్లగా పెట్టింది. వెళ్లిపోయింది.

ఆ సాయంత్రానికే పిల్లని స్టూడియో రావద్దంది. టై సారు కాలేజీకి ఒక కాగితం రాశాడు. వైర్లు సరిగా చుట్టకపోవడంవల్ల అవి జారిపడి రికార్డింగు ఆగిపోయిందని, చుట్టడం నేర్పిన మాస్టారిదే తప్పని. జడ మాట లేదు, టేపు మాట లేదు. దాంతో మాస్టార్ని తీసేశారు. ముప్పై ఒక్క ఏళ్ల మనిషిని, వైరు చుట్టడం రాదని! ఇంతకన్నా ఆయన్ని దొంగ అన్నా నేను ఊరుకునేవాణ్ణి.

మా చెల్లెలు నూనె రాసి రాసి మూడు రోజులు పట్టి ఆ టేపు తీసింది. గుప్పెడు జుట్టు టేపుతోనే వచ్చింది. ఆ జుట్టు కాగితంలో పొట్లం కట్టి, టై సారు బల్లమీద పెట్టి వచ్చింది. ఆయన ఏమన్నాడని అడిగాను. "లేచి నిలబడ్డాడు," అంది.

మూడో వారంలో మా చెల్లెలింటి ముందు కారాగింది. పెద్దావిడ దిగింది. కుట్టడానికి తెచ్చిన గుడ్డలు పక్కకి జరిపి స్టూలు వేస్తే దానిమీదే కూర్చుంది.

"అమ్మాయ్, అటు తిరిగి కూర్చో," అంది. పాడింది.

జడ విడింది. ఆవిడ ఆగి, నీళ్లు తాగి, మళ్లీ పాడింది. విడింది. మా చెల్లెలు మిషను ఆపబోతే, "నువ్వు కుట్టుకోమ్మా, దాంతో నాకేం ఇబ్బంది లేదు," అంది. మధ్యాహ్నందాకా అలా పాడుతూనే ఉంది. ఎన్నిసార్లు విడిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకసారి మాత్రం మూడో లైను పైకి వెళ్లి అక్కడే నిలబడింది. పాయలు నడుందాకా అల్లుకుని, రిబ్బను నేలమీంచి లేచి వచ్చి ముడి పడింది. ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది.

"నేను ఎక్కడ పాడితే అక్కడికి నాతో వస్తావా?" అంది కాసేపటికి.

"వస్తానండీ. మూడు నెలలకి ఉత్తరం ఇస్తారా? సంతకంతో?"

"ఇస్తాను. ఇంకేం కావాలి?"

"టేపు వెయ్యకూడదండీ."

ఉత్తరం వచ్చింది, డిగ్రీ వచ్చింది. మూడు నెలలైపోయినా పిల్ల ఆవిడ దగ్గరే ఉంది. ఇప్పుడు ఎర్రలైటు వెలిగినా అద్దం గదిలో ఆవిడ ముందు నిలబడేది అదొక్కతే. కాలేజీ ఏడాది పుస్తకంలో టై సారు ఫొటో వేసుకుని, ఈ అమ్మాయిని తయారుచేసింది తనేనని రాసుకున్నాడు. రాసుకోనీ. ఆ పుస్తకం ఎవడు చదువుతాడు?

నా గొడవ ఆఫీసు బీరువాలో ఉన్న కాగితం గురించి. వైర్ల మాస్టారు వేరేచోటికి పనికి వెళితే పాత కాలేజీని అడుగుతారు. వీళ్లు ఆ కాగితమే తీసి చదువుతారు. రెండుచోట్ల అలాగే పని పోయింది. ఆయన నోరు తెరిచి నేను తప్పు చెయ్యలేదని చెప్పడు, పౌరుషం. నేను వెళ్లి అడిగితే నువ్వెవరన్నారు.

కాలేజీకి కొత్త ప్రిన్సిపాలు వచ్చారని విన్నాను. మీకో, మీ గుమాస్తాకో, ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లకి నా విన్నపం ఒకటే. ఆ వాక్యం కొట్టేసి, పక్కన ఇలా రాయండి: వైర్లు సరిగ్గానే చుట్టి ఉన్నాయి, జారింది పాట, అక్కడున్న పెద్దలందరికీ ఆ సంగతి తెలుసు. రాసి, కింద తేదీ వెయ్యండి.