వాన బొమ్మలో గీత

చర్చి గోపురం మెట్లు దిగేసరికి వీబ్కే మోకాళ్లు పట్టేశాయి. పైనున్న రేడియో పెట్టెకు ఏమీ కాలేదు. కానీ సముద్రపు కట్ట దగ్గర, పంపుల ఇంట్లో ఉన్న రెండో పెట్టెకు దాని మాట అందడం లేదు. రెండింటికీ ఆమె కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పటినుంచి ఇదే గోల. ఊరికి ఉచితంగా ఇంటర్నెట్ పంచే ఈ పనికి జీతం లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి.

అక్కడికి వెళితే, వాననీటిని సముద్రంలోకి తోడే పంపులు చూసే ఓన్నో ఆమెకు టీ పోశాడు. కప్పులో కలకండ చిటపటలాడింది.

"నెట్‌లో రాడార్ వాన బొమ్మలు రావట్లేదు వీబ్కే. ఎటునుంచి ఎంతొస్తుందో తెలియకపోతే పంపులు ఎప్పుడు వెయ్యను? ఈ నడుముతో ఆకాశం చూస్తూ ఇక్కడే పడుండాలా?"

"పెట్టెలో రేడియోను నడిపే ప్రోగ్రాం, ఆ డ్రైవర్, రాసినవాళ్లకు ఫిర్యాదు పెట్టాను. ఇప్పుడు చెడిపోలేదట, ఇన్నాళ్లూ చెడిపోయే ఉందట. జర్మనీలో రేడియో ఎంత గట్టిగా అరవొచ్చో చట్టముంది కదా. పాత డ్రైవర్ దాన్ని పట్టించుకోకుండా అరిచేదట. సరిచేశారు."

"బాగుచేసి మన కొంప ముంచారన్నమాట."

"అంతే."

"అయితే మనం అరటిపళ్లు పండే దేశంలో ఉన్నామని పెట్టెకు చెప్పు. అక్కడ ఎంతైనా అరవొచ్చేమో."

"చెప్పను. మధ్యలో ఉన్న రైతు హబ్బో కొట్టం మీద ఇంకో పెట్టె పెడదాం. అతన్ని అడగాలి, కరెంటు లాగాలి. కాస్త ఓపిక పట్టు ఓన్నో, నాకూ ఓపిక అయిపోతోంది."

టీ ఇక చాలన్న గుర్తుగా చెంచా కప్పులో వేసి లేచింది.

మర్నాడు ఓన్నో ఫోన్ చేశాడు. "నెట్ లైనొచ్చింది. దానంతటదే."

"దానంతటదే?"

"బొమ్మలో మాత్రం ఒక గీత ఉంది. వాన రాడార్ దగ్గర మొదలై మన ఊరి మీదుగా సూటిగా పోయింది. మబ్బులు కదులుతున్నాయి, అది కదలట్లేదు."

వీబ్కే కుర్చీలో కూలబడింది. "పెట్టెలో ఏ దేశం పేరు పెట్టావు?"

అతను నసిగాడు. "జాబితాలో అడుగున ఉన్నదేదో."

"జర్మనీ లెక్కలో పెట్టె ముందు వినాలి, రాడార్ వినబడితే పక్కకు తప్పుకోవాలి. నువ్వు పెట్టిన లెక్కలో ఆ మర్యాద లేదు. వాన రాడార్ చెవిలోనే అరుస్తోంది. ఆ గీత నువ్వే."



"దాని కింద వానుంటే?"

"కనబడదు. నీకే కాదు, ఈ తీరంలో పంపులు చూసేవాళ్లెవరికీ."

"తీసేస్తున్నాను," అన్నాడు ఓన్నో. పంపుల ఇంటికి మళ్లీ నెట్ లైను పోయింది.

హబ్బో కొట్టానికి వెళితే, ఆవులు ఈనే రోజులు, ఆ తర్వాతే ఏదైనా అన్నాడు. వీబ్కే ఇంటికొచ్చి రొట్టె మీద వెన్న రాస్తూ తన కంప్యూటర్లో వాన బొమ్మ తెరిచింది. గీత లేదు. గీత ఉన్నచోట, సముద్రం మీద, పెద్ద మబ్బు ఎర్రగా కనబడింది.

ఆమె ఫోన్ తీసింది. "ఓన్నో, పడమటినుంచి పెద్దదే వస్తోంది. పంపులు వేసుకో."

"వేస్తున్నా. హబ్బో ఒప్పుకునేదాకా ఇలా నువ్వే చూసి చెప్పాలా?"

"చెప్పాలి మరి," అంటూ ఆమె రొట్టె పక్కనపెట్టి, కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.