నడుం నొప్పీ, మా అత్తా, మడుగూ

ఏడో నెల రాగానే నా నడుం నా మాట వినడం మానేసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. మా సమోవాలో పెద్దల ముందు చాప మీద బాసింపట్టు వేసుకునే కూర్చోవాలి, కాళ్ళు చాపితే మర్యాద కాదు. ఈ మర్యాదలు పెట్టినవాడు ఒక్కసారి కడుపు మోసి ఉంటే తెలిసేది.

మా అత్త పేరు సలాఫై, ఊరిపెద్ద భార్య. రోజూ కొబ్బరినూనె రాసి, రొట్టెల పిండి అనుకుందో ఏమో, నా నడుం పిసికేది. మా ఆయన ఇయోసెఫా తనకూ నడుం నొప్పిగానే ఉందన్నాడు, పొద్దున చేమదుంపల బుట్టలు మోశాడట. ఆ మాటకు వారం దాకా అతనితో మాట్లాడలేదు.

చివరికి నాకు పనిచేసిన మందు ఒక్కటే. సాయంత్రం ఇంటెదురుగా అలల్లేని సముద్రపు మడుగులో మెడదాకా మునిగి కూర్చుంటే, కడుపు బరువు సముద్రమే మోసేది. ప్రాణం లేచివచ్చేది. దిగని రోజు రాత్రంతా జాగారమే. అత్తకు అది గిట్టలేదు. చీకటిపడే వేళ కడుపుతో ఉన్నది ఒంటరిగా నీళ్ళలో ఉంటే దయ్యాలు పట్టుకుంటాయని, ఇంకోసారి దిగితే కాన్పయ్యేదాకా గడప దాటనివ్వనని తేల్చి చెప్పింది.

మర్నాడు నొప్పి తట్టుకోలేక మళ్ళీ దిగాను. ఎవరు చేరవేశారో గానీ అత్త వచ్చేసింది. నన్ను లాక్కుపోదామని కట్టుబట్టలతోనే నీళ్ళలోకి దిగింది. నడుంలోతుకు వచ్చి నామీదికి వేలెత్తిందో లేదో, ప్రార్థన శంఖం ఊదారు.

మా ఊళ్ళో సాయంత్రం ప్రార్థనకు శంఖం ఊదాక, మళ్ళీ ఊదేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలి. కదిలితే పంది జరిమానా. ఎవరు కదులుతారా అని చూసే కాపలావాళ్ళు ఒడ్డునే ఉన్నారు. పైగా ఈ కట్టుబాటు గురించి ఊరందరినీ సాధించేది మా అత్తే. ఇక చేసేదేముంది, పళ్ళు నూరుకుంటూ ఉన్నచోటే కూర్చుంది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ప్రార్థన వేళ నవ్వకూడదు కాబట్టి నేను మూతి నీళ్ళలో ముంచి బుడగలు వదిలాను.

కాసేపటికి చూస్తే అత్త కళ్ళు మూసుకుని ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుంది. ఏమైనా అయిందేమో అనుకున్నాను. శంఖం మళ్ళీ మోగింది. ఆవిడ కదల్లేదు.

"అత్తా, ప్రార్థనైపోయింది. పోదాం పద."

"కాసేపు నోరు మూసుకోవే."

"మరి దయ్యాలు?"

"రానీ. ఆరుగురిని కన్నాను. అప్పట్నుంచీ ఈ నడుం ఇంతే. ఎలా ఉందని అడిగినవాడు లేడు."

నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది. పక్కకు జరిగి లోతున్న చోటు ఆవిడకిచ్చాను.

మర్నాటికల్లా అత్త ఊళ్ళో కొత్త నియమం పెట్టింది. కడుపుతో ఉన్నదాన్ని నీళ్ళలోకి ఒంటరిగా పంపకూడదట, అత్త తోడుండాలట. ఊరి పెద్ద భార్య ఊరికే నీళ్ళలో పడి ఉంటే నలుగురూ నవ్వుతారు గానీ, కోడలికి కాపలా అంటే ఎవరేమంటారు? రోజూ నాకంటే ముందే వెళ్ళి మంచి చోటు పట్టేసేది. నా తల వాకిట్లో కనబడగానే, ఆలస్యం చేశావని తిట్టేది కూడా.

నెలలు నిండి పాప పుట్టింది. నా నొప్పి ఎలా వచ్చిందో అలాగే పోయింది. ఊరంతా పాపను చూసి మురిసిపోతుంటే అత్త ముఖం మాత్రం వాడిపోయింది. బొడ్డు ఊడకముందే వచ్చి నా పక్కన కూర్చుని, ఎవరూ వినడం లేదని చూసుకుని, మెల్లగా అడిగింది.

"ఇంకొకళ్ళను ఎప్పుడు కంటావే, అమ్మాయ్?"