చివరి పాట దాకా రాని వెలుగు

మూత విప్పగానే స్పిరిటు వాసన. దుమ్ము వాసన. మధ్యలో ఒక ఎర్రటి చుక్క.

ఆవగింజంత వెలుగు... వణుకుతూ ఉంది.

ఆత్మకూరు బస్టాండు పక్క కొట్లో హెన్రీ దాన్నే చూస్తున్నాడు. టేప్ రికార్డర్లు బాగుచేసి బతికేవాడు. సీడీ ప్లేయర్లు విప్పడం ఇప్పుడిప్పుడే నేర్చుకున్నాడు. ఈ ప్లేయరు ఉదయగిరి చర్చిది. చివరికొచ్చేసరికి పాటలు ఎగిరిపోతున్నాయని భార్య సుకుమారి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

"ఆదివారానికి కావాలయ్యా. మద్రాసులో పాడిన పాటలు అందరికీ వినిపించాలంట."

సుకుమారి పుట్టింది ఉదయగిరిలో. పెళ్లయ్యాక కూడా ఆ చర్చిలోనే పాడుతోంది. అక్కడ కీబోర్డు వాయించేది జయపాల్. కలిగిరి బడిలో మాస్టరు. చర్చివాళ్లంతా కలిసి మద్రాసు వెళ్లి, పాడి, ఒక సీడీ చేయించుకొచ్చారు.

హెన్రీ వెళ్లలేదు. అతనికి పాడడం రాదు.

వినడం వచ్చు.

సీడీ పెట్టి, పక్కకు వంగి చూశాడు. పాట లోపలి నుంచి మొదలై, చుట్లు చుట్లుగా అంచు వైపు పోతుంది. ఆ దారి వెంట్రుక కంటే సన్నం. వెలుగు దాని మీదే నిలబడాలి. సీడీ ఊగితే ఆ వెలుగును పట్టే లెన్సూ ఊగుతుంది — పైకి, కిందికి, పక్కకి. దారి అంచు వైపు జరిగేకొద్దీ లెన్సు అటు వాలుతుంది. వాలి, వాలి, ఇక వాలలేనప్పుడు మోటారు తిరిగి, లెన్సును మోసే చిన్న బండిని కాస్త ముందుకు జరుపుతుంది. లెన్సు నిటారుగా నిలబడుతుంది.

మళ్లీ వాలుతుంది.

బండి కదలకపోతే — అలా వాలి ఎంతసేపుంటుంది... దారి వదిలేసి వెనక్కి పడుతుంది.

బండి జరిగే కడ్డీ మీద గ్రీజు ఎండిపోయి ఉంది. దూదితో తుడిచాడు. కొత్తది రాశాడు. పాటలన్నీ వరసగా వచ్చాయి. చివరిదీ వచ్చింది.

అందులో రెండే గొంతులు. సుకుమారి. జయపాల్.

ఆమె ఊపిరి తీసుకునే చోటే అతనూ తీసుకున్నాడు. చరణం చివర స్వరాన్ని కాస్త ఆలస్యంగా వదలడం ఆమె అలవాటు. అంట్లు తోముతూ పాడినా అంతే. అది తనొక్కడికే తెలుసనుకున్నాడు హెన్రీ.

జయపాల్ ఆ ఆలస్యం కోసం ఆగాడు.

మళ్లీ పెట్టాడు. మళ్లీ విన్నాడు. ఎక్కడైనా గొంతు తప్పిందేమోనని వెతికాడు.

తప్పలేదు.

గ్రీజు డబ్బా అడుగున గట్టిపడిన పాత గ్రీజు ఉంది. పుల్లతో తీసి కడ్డీ చివర అద్దాడు. బండి అంచుకు చేరే చోట. మూత బిగించాడు.

"అయిందా?" అంది సుకుమారి.

"అయింది."

ఆదివారం. కొండ మీంచి గాలి చర్చి కిటికీల్లోంచి వస్తోంది. హెన్రీ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జయపాల్ వెతుక్కుంటూ వచ్చాడు.

"ముందుకు రా అన్నా. నువ్వు బాగుచెయ్యకపోతే యాడ వినేవాళ్లం?"

"ఈడే బాగుండాది."

ఆ మంచితనం కూడా నచ్చలేదు హెన్రీకి. మంచితనమే ఎక్కువగా నచ్చలేదు.

పాటలు ఒక్కొక్కటే అయిపోయాయి. చివరిది మొదలైంది. మొదటి చరణం సగంలో ఒక మాట తెగింది. అదే మాట మళ్లీ. మళ్లీ... తర్వాత ఏమీ లేదు.

"ఏమైందబ్బా మిషనుకి?" అంది అత్త హన్నమ్మ.

ఇక పాట లేదు అనుకున్నాడు హెన్రీ.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి సుకుమారి గొంతు లేచింది. తెగిన మాట దగ్గరే అందుకుంది. కూర్చున్న చోటు నుంచే. మగవాళ్ల వరసలోంచి జయపాల్ గొంతు వచ్చి కలిసింది. అతను కీబోర్డు దగ్గరికి వెళ్లలేదు. ఆమె వైపు తిరగలేదు. మధ్యలో ఎన్నో తలలు. ఒకరికొకరు కనబడరు.

చరణం చివర ఆమె ఆలస్యం చేసింది.

అతను ఆగాడు.

చర్చి అంతా వాళ్లిద్దరి కోసం ఆగింది.

సీడీలో విన్నదానికంటే బాగుంది. చాలా బాగుంది. తన చేత్తో తనే ఆ పాటను మిషనులోంచి బయటికి తీసి, ఊరందరి ముందూ పెట్టినట్టయింది.

బయట గేటు దగ్గర సుకుమారి వచ్చి పక్కన నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. చెమట కూడా తుడుచుకోలేదు.

"మిషను పోతే పోయిందిలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు."

హెన్రీ తలవంచుకున్నాడు.

"ఎట్టుండాదయ్యా, మేం పాడింది?"

మేం.

"బాగుండాది," అన్నాడు.

ఆమె కదల్లేదు. అతను ఇంకేదో అంటాడని... అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.