గొర్రెపిల్ల చొక్కా

బీరకాయ చెక్కు తీస్తున్న భవానిని ప్రకాష్ గదిలోంచి పిలిచాడు. "ఒసే, మీ అమ్మకు ఫోన్ కలుపు. స్పీకర్‌లో పెట్టు. రెండో పార్టు రేపే తీయాల."

మొదటి పార్టు గుర్తొస్తే చాలు, భవానికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మార్కాపురంలో పెళ్ళి వీడియోలు తీసుకునే మొగుడు ఉన్నట్టుండి 'వింత ఆచారాలు' అంటూ యూట్యూబ్ డాక్యుమెంటరీలకు దిగాడు. ఊళ్ళు వెతికేది భవాని, ఆడవాళ్ళను మాటల్లో పెట్టేది తను, టీమ్‌కి అన్నం వండేది తను. చివర్లో పేర్లు పడేటప్పుడు డ్రోన్ అద్దెకిచ్చినవాడి పేరు కూడా ఉంటుంది, తనది ఉండదు. "ఇంట్లో దానివి, నీకు పేరెందుకే" అంటాడు. అంతటితో ఆగినా బాగుండేది. గిద్దలూరు అవతల గొర్రెలు కాసుకునే అమ్మ నాగరత్నమ్మ దగ్గరికి ఆ కెమెరాను తనే దారి చూపించి తీసుకెళ్ళింది.

ఆ రోజు ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోయింది. ఇంకో పిల్లకు తల్లి లేదు. చచ్చిన పిల్ల తోలును అమ్మ ఒలిచి, తల్లి లేనిదానికి చొక్కాలా తొడిగింది. తన పిల్ల వాసనే అనుకుని గొర్రె పాలిస్తుంది, అది అలవాటు పడ్డాక తోలు తీసేస్తారు. "కోపం చేసుకోబాకమ్మా, నీ బిడ్డే" అని అమ్మ గొర్రె చెవిలో బతిమాలింది కూడా. ప్రకాష్ తోలు ఒలిచింది ఉంచాడు, పాలు తాగింది కోసేశాడు. "పాలు తాగేది ఎవడు చూస్తాడే" అన్నాడు. వీడియో పైన క్షుద్రపూజ అని రాశాడు. అమ్మ మాటలు సరిగా వినపడలేదంటూ భవాని చేతికి మైకిచ్చాడు. ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, తడి చేతులు తుడుచుకుని, అమ్మ యాస పట్టి, గొంతు బొంగురు చేసి అతను రాసిచ్చింది చదివింది: "నెత్తురు చూపకుంటే మా దేవత ఊరుకోదు." బాగా చదివావన్నాడు. అప్పుడు మురిసిపోయింది. ఆ మురిపెమే ఇప్పుడు ఒంటి మీద తేలులా పాకుతోంది.

ఫోన్ కలిసింది.

"బాగుండావా అమ్మా?"

"ఉండాలేమ్మా. నిన్న దుకాణం కాడ అందరూ ఫోన్లో చూసినారు. మంత్రాల రత్తమ్మ వచ్చిందని నవ్వినారు. పిల్లోళ్ళను నా పక్కకు రానీలా."

అడుగు, అడుగు అని ప్రకాష్ సైగ చేస్తున్నాడు. అమ్మే అంది.

"దాంట్లో నీ గొంతేందమ్మా అట్ల బొంగురు పోయింది? నాకు తెలీదా నీ గొంతు. పడిశమా? మిరియాల కషాయం తాగు. అల్లుడు మళ్ళీ వస్తానంటే రమ్మనులే. వద్దంటే నీ మీద అరుస్తాడేమో."

గొర్రె మోసపోయింది. అమ్మ మోసపోలేదు.

"ఆయన రాడు. రేపు నేనొక్కదాన్నే వస్తానమ్మా" అని భవాని ఫోన్ పెట్టేసింది.

"ఏందే, తిక్కగాని పట్టిందా?" అన్నాడు ప్రకాష్.

"ఇంట్లో దానికి పేరెందుకంటివి గదా. ఇప్పుడు కావాల. ఆ నెత్తురు మాట కాడ నా పేరెయ్యి. అన్నది మా అమ్మ కాదు, నేనని."