పేట రేడియో

తెల్లదోమ పత్తిని తినేస్తున్న ఎనభై ఏడో సంవత్సరంలో ప్రేమదాసు అనే కూలీ యలమందయ్య చేలో పురుగుమందు కొడుతున్నాడు. భుజానున్న డబ్బా కారి మందు వీపంతా తడిపేసింది. చర్మం మండిపోతుంటే డబ్బాను గట్టు మీద దించేసి, కారని డబ్బా ఇస్తేనే కొడతానన్నాడు.

"ఏరా, కూలోడివి, నాకు చెప్పేంత వాడివయ్యావా?" అన్నాడు యలమందయ్య.

"చెప్తానండి. చచ్చేది నేనుగా."

ఆ ఒక్క మాటకి యలమందయ్య మనుషులు అతణ్ణి పడదోసి, ఛాతీ మీద కూర్చుని, దవడలు విడదీసి మందు నోట్లో పోశారు. అడ్డం వెళ్ళిన తోటి కూలీ జక్రయ్య కాలు గొడ్డలి వెనకవైపుతో విరగ్గొట్టారు. పక్క మిరపచేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు అంతా చూశారు. చూసి, మళ్ళీ వంగి కలుపు తీశారు. ప్రేమదాసు నురగలు కక్కుకుని, గట్టు మట్టి గోళ్ళతో పీక్కుంటూ చచ్చిపోయాడు.

మందు తాగి చచ్చాడని పోలీసులు రాసుకున్నారు. అంత సులువైన చావు వాళ్ళకి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది?

ఇక రేడియో సంగతి చెప్పాలి. పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో ఉండేది. దాని మైకు గొట్టం ఊరివైపే తిరిగి ఉండేది. పత్తికి ఏ మందు ఎంత కొట్టాలో రోజూ చెప్పేది గానీ, కొట్టేవాడి వీపు గురించి ఎన్నడూ చెప్పలేదు. ఊరి బయట కూలీల పేటవాళ్ళు రోడ్డు మీద నిలబడి వింటుంటే ఒకనాడు తరిమారు. ఆ కోపంతో క్రిస్మస్ చందాలు వేసుకుని మైకుసెట్టు కొని, గొట్టాన్ని చర్చి గంట స్తంభానికి కట్టారు. సంఘపెద్ద జోసఫ్ పాటలకనే కొనిపించాడు. కానీ ఏడో తరగతి చదివిన ప్రేమదాసు భార్య రెబ్కా ఒక సాయంత్రం మైకు అందుకుని, "ఇది పేట రేడియో. వార్తలు చదువుతున్నది రెబ్కా" అంది. అందరూ నవ్వారు. ఎవరి చేలో ఎవరిని కొట్టారో, ఎవరి డబ్బాలు కారుతున్నాయో పేర్లు పెట్టి చదివాక నవ్వు ఆగిపోయింది. ఊళ్లో ఆసాములు కూడా అరుగుల మీదికొచ్చి వినడం మొదలుపెట్టారు.

భర్తను పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రమే రెబ్కా మైకు ముందు కూర్చుంది.

"నా మొగుడు మందు తాగలేదు. తాగించారు. జక్రయ్య చూశాడు. కోర్టులో చెప్తాడు."

జక్రయ్యను పేటవాళ్ళు అప్పటికే రహస్యంగా ఊరు దాటించారు. అయితే పేట రేడియోకు ఒక అలవాటుంది. వార్తలయ్యాక ప్రార్థన అవసరతలు చదవాలి. మనిషి పేరు, జబ్బు, ఎక్కడ పడుకుని ఉన్నాడో అన్నీ చెప్పకపోతే అది ప్రార్థనలాగే ఉండదు మన పెద్దలకి. ఎన్నో ఏళ్ళుగా చర్చిలో చదివిన నోటితోనే జోసఫ్ చదివాడు.

"పిడుగురాళ్లలో సున్నం బట్టీల కాడ, చెల్లెలింట్లో కాలు విరిగి పడున్న మన జక్రయ్య కోసం అందరూ కళ్ళు మూసుకోండి."

పేటంతా కళ్ళు మూసుకుంది. అరుగు మీదున్న యలమందయ్య మూసుకోలేదు.

మర్నాడు పట్టపగలు జీపులో వెళ్ళి జక్రయ్యను మంచం మీంచి ఈడ్చి, బట్టీ ముందు పడేసి నరికారు. లారీలో వచ్చిన శవం మీద సున్నం, నెత్తురు కలిసి గడ్డకట్టి ఉన్నాయి. చెల్లెలు కడగబోతే చర్మం ఊడి వచ్చింది.

జోసఫ్ కొడవలి తీసుకుని గంట స్తంభం దగ్గరికి వెళ్ళాడు.

"నా నోరే చంపింది వాణ్ణి. ఈ గొట్టం ఇక ఉండకూడదు."

"అవును మామా, మన నోరే చంపింది," అంది రెబ్కా. "ఇప్పుడు నోరు మూసుకుంటే వాడికి కావలసింది మనమే చేసిపెట్టినట్టు."

"ఇంకెంతమందిని చంపిస్తావే?" అని ఎవరో అరిచారు.

"ఒక్కడే సాక్షని చంపారు. ఒక్కణ్ణి చేసింది ఎవరు?" రెబ్కా ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఆదివారం లేచి జ్వరం తగ్గిందని సాక్ష్యం చెప్తారుగా. నా మొగుణ్ణి చంపడం చూశామని చెప్పడానికి నోరు రాదా?"

ఆ రోజు మిరపచేలో కలుపు తీసిన సంతోషకుమారి అనే ముసలామె లేచి మైకు పట్టుకుంది.

"నా పేరు సంతోషకుమారి. యలమందయ్యగారి మనుషులు ప్రేమదాసు నోట్లో మందు పోస్తుంటే చూశాను. పొయ్యమంది ఆయనే. నాకు మనవలున్నారని భయపడ్డాను. ఇప్పుడు భయపడను."

ఆమె మాటలు ఊరంతా వినపడ్డాయి. యలమందయ్య మనుషులు కర్రలతో వచ్చిపడ్డారు. గొట్టాన్ని బద్దలు కొట్టారు. మైకు వదలని సంతోషకుమారి తల మీద కొట్టారు. పేట మగవాళ్ళు పారలతో, కట్టెలతో ఎదురు తిరిగారు. ప్రేమదాసు ఛాతీ మీద కూర్చున్నవాడి చెయ్యి రెండుగా విరిగి వేలాడింది. జయకుమారి అనే పిల్లతల్లి మైకు లేకుండానే, "నేనూ చూశాను" అని అరిచింది. వీధిలో ఉన్నవాళ్ళు ఆమె పేరునూ మాటనూ అందుకుని పక్క వీధికి అరిచారు. అక్కణ్ణుంచి ఊళ్లోకి వెళ్ళింది.

పోలీసులు వచ్చారు. గొడవ రేపిందని రెబ్కాను కొట్టి వ్యాను ఎక్కించారు. వెనకే జయకుమారి, స్పృహలేని సంతోషకుమారిని మోసుకుని మిగతా ఆడవాళ్ళు ఎక్కేశారు. లాఠీలతో వేళ్ళ మీద కొట్టినా దిగలేదు.

"మీ మీద కేసుల్లేవు, దిగండే," అన్నాడు ఎస్సై.

"మా మీద లేవు. మేం పెట్టడానికి వస్తున్నాం," అంది జయకుమారి.

సంతోషకుమారి దారిలోనే ప్రాణం విడిచింది. ఆడవాళ్ళు ఆమెను స్టేషన్లోకి మోసుకెళ్ళి రైటరు బల్ల మీద పడుకోబెట్టారు.

"శవాన్ని తియ్యండి ముందు," అన్నాడు ఎస్సై.

రెబ్కా పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. తుడుచుకోలేదు.

"తియ్యం. ఆమె చెప్పింది ఊరూ పేటా విన్నాయి. ముందు అది రాయండి. తర్వాత మేం వరసగా చెప్తాం."